ఐపీ పెట్టినవాడి కారు

రైల్వేలో పనిచేసేవాడికి బిలాస్‌పూర్‌లో కారుతో పనేముంది? క్వార్టరు నుంచి ఆఫీసుకు సైకిలు చాలు, బుధవారీ బజారుకు నడక చాలు. ఊరెళ్ళాలంటే సాయంత్రం కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి పార్వతీపురం దాటిపోతాం, అదీ పాసు మీద. బీఎన్ఆర్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) కాలంలో గ్యాంగ్‌మన్‌గా వచ్చిన మా తాత దగ్గర్నుంచి మూడు తరాలు అలాగే బతికాం. అలాంటిది, కోర్టులో ఐపీ, అంటే దివాలా అర్జీ, పెట్టి బయటపడి ఏడాది తిరగకుండానే నేను కారు లోను కోసం షోరూముల వెంట పడ్డాను. కారణం ఒక్కటే. ఇదే ఊళ్ళో తోర్వాలో, తార్‌బహార్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్తే నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్ళకు, నేను తేరుకున్నానని చూపించాలి.

అప్పు కథ కొత్తదేం కాదు, గబగబా చెప్పేస్తాను. 2018లో స్టేషను దగ్గర టిఫిన్ సెంటరు పెట్టాం. కండక్ట్ రూల్స్ ప్రకారం రైల్వే ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదు, ఇంట్లోవాళ్ళు చేస్తే ఆఫీసుకు తెలియజెయ్యాలి. నేను కొట్టు మా ఆవిడ పేర పెట్టి ఊరుకున్నాను. పెట్టుబడికి నా పే స్లిప్పు చూపించి పర్సనల్ లోన్లు తీశాను, క్రెడిట్ కార్డులు గీశాను, అవీ చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాను. ఆ బయటి అప్పు సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. 2020 మార్చిలో రైళ్ళు ఆగిపోయాయి. రైళ్ళు లేని స్టేషను దగ్గర ఇడ్లీ ఎవరు తింటారు? ఆగస్టు దాకా కిస్తీలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అంటే నేను సంబరపడ్డాను. ఆగింది కిస్తీయే, వడ్డీ కాదు. వడ్డీవాడు క్వార్టరు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్న రోజున మా ఆవిడకు అంతా తెలిసింది. "ఏటండీ, కొట్టు నా పేరన పెట్టేరు, అప్పు మాట మాత్రం ఈ సేటు చెప్తే నాకు తెలియాలా?" అంది. జవాబు లేదు.

2021లో ప్లీడరు దగ్గరకు వెళ్ళాను. 2016లో దివాలాకు కొత్త చట్టం వచ్చింది కదా అంటే ఆయన నవ్వాడు. అందులో మామూలు మనుషులకు సంబంధించిన భాగం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకు మాత్రమే వర్తిస్తోంది. నాలాంటివాడికి దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. అప్పు 500 రూపాయలుంటే చాలు, తీర్చలేనని అర్జీ పెట్టుకోవచ్చు. అయిదు వందలు! దొరల కాలంలో రాసిన అంకెను మార్చడానికి ఇన్నేళ్ళలో ఎవరికీ తీరిక దొరకలేదు.

నన్ను ఐపీ వైపు తోసింది జీతమంతా జప్తు చేసేస్తారన్న భయం. ఆ భయానికి ఆధారం లేదు. మామూలు బాకీ డిక్రీకి జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులనూ ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. ప్రావిడెంట్ ఫండు జోలికి అసలు రాకూడదు. ఈ మాట నేను ప్లీడరును అడిగింది అర్జీ దాఖలు చేశాక. ముందు అడిగుంటే అప్పులవాళ్ళతో బేరానికే కూర్చునేవాణ్ణి.

అర్జీ వేసిన సంగతి కూడా దాచాను. మావాళ్ళలో రిటైరైన చీఫ్ క్లర్కు ఒకాయన ఉన్నారు, అందరం మావయ్యా అంటాం. ఆయనకు ఎలా తెలిసిందో, బజారులో చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "బాబూ, కోర్టుకెళ్ళడం తప్పు కాదు. ఆఫీసులో కాగితం పెట్టేవా?" పెట్టలేదన్నాను. రైల్వే కండక్ట్ రూల్స్‌లో 17వ రూలు దివాలా గురించే. బాకీ వసూలుకు గానీ దివాలాదారుగా ప్రకటించడానికి గానీ కోర్టులో కేసు నడిస్తే ఆ ఉద్యోగి వెంటనే పూర్తి వివరాలు ఆఫీసుకు తెలపాలి. దురలవాట్ల వల్ల కాదు, చేతిలో లేని పరిస్థితుల వల్ల మునిగానని నిరూపించుకునే బాధ్యత కూడా ఉద్యోగిదే. నేను చెప్పడానికి వెళ్ళేలోపే ఎవరో చెప్పేశారు. ఎస్ఎఫ్-11 అనే చార్జిషీటు చేతికొచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. నేరుగా నేనే వెళ్ళి చెప్పుంటే లాక్‌డౌన్ ఒక్కటే నాకు పెద్ద సాక్ష్యమయ్యేది.

చివరికి ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి, అప్పులవాళ్ళతో రాజీ పడి, 2022లో అర్జీ వెనక్కి తీసుకున్నాను. దానికీ కోర్టు అనుమతి కావాలి, మన ఇష్టం వచ్చినట్టు వాపసు తీసుకోవడం కుదరదు. దివాలాదారు అన్న ముద్ర పడకుండానే బయటపడ్డాను. బ్యాంకులు కొంత వదులుకుని, బాకీ లేదని ఉత్తరాలిచ్చాయి. ఇక నా లెక్క తెల్లకాగితమే అనుకున్నాను.

తెల్లకాగితం కాదని షోరూములో తెలిసింది. అక్కడి ఫైనాన్సు కుర్రాడు నా ఆధార్, పాన్ తీసుకుని, అడగకుండానే నా దరఖాస్తును నాలుగైదు చోట్లకు పంపాడు. అన్నీ తిరిగొచ్చాయి. ఎవరి దగ్గర అప్పు అడిగామో ఆ వివరం కూడా మన క్రెడిట్ రిపోర్టుకు ఎక్కుతుంది. కొద్ది రోజుల్లో అన్ని చోట్ల అడిగినవాణ్ణి చూస్తే, డబ్బుకు కటకటలాడుతున్నాడనే అప్పిచ్చేవాడు అనుకుంటాడు. 300 నుంచి 900 దాకా ఉండే సిబిల్ స్కోరులో నాది అప్పటికే అయిదు వందల చిల్లర, ఈ తిరుగుడుతో ఇంకా దిగింది. స్కోరు కంటే చెడ్డది లోన్ల పక్కన ఉన్న మాట. పూర్తిగా తీరిస్తే 'క్లోజ్డ్' అని ఉంటుంది, నావాటి పక్కన 'సెటిల్డ్' అని ఉంది. అంటే వీడు ఇవ్వాల్సినంతా ఇవ్వలేదని. ఈ సమాచారాన్ని సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థలు కనీసం ఏడేళ్ళు ఉంచాలి. అమెరికాలో చాప్టర్ 7 కింద దివాలా తీస్తే ఆ మాట పదేళ్ళు ఉంటుందట, అక్కడున్న మా మేనల్లుడు నన్ను ఓదార్చబోయి చెప్పాడు.

అప్పుడు నాకు జీతం పడే బ్యాంకుకే వెళ్ళాను. ఫారంలో ఒక ప్రశ్న: మీరెప్పుడైనా దివాలా అర్జీ వేశారా? వాపసు తీసుకున్నాను కదా అని 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. కోర్టు కేసుల వివరాలు ఈ-కోర్టుల్లో పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు, వాళ్ళు చూశారు. మేనేజరు కసురుకోలేదు. కేసు వాపసైన ఉత్తర్వు జత చేసి, ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే ఆలోచించేవాళ్ళమని, అబద్ధం రాసిన ఫారాన్ని ముందుకు పంపలేనని చెప్పాడు. ఆయన మాట న్యాయమే.

ఇక నాకు లోను ఇస్తానన్నది ఒక ప్రైవేటు ఫైనాన్సు. సెకండ్ హ్యాండ్ కారుకు 4 లక్షలు. వడ్డీ పది శాతమే అన్నారు, అయిదేళ్ళు, నెలకు పది వేలు. నూటికి మూడు రూపాయలు కట్టి నలిగినవాడికి ఏడాదికి పది శాతమంటే దేవుడి ప్రసాదంలా తోచింది. అది ఫ్లాట్ వడ్డీ. అసలు నెలనెలా తగ్గుతున్నా మొదటి రోజు 4 లక్షల మీదే అయిదేళ్ళూ వడ్డీ లెక్క కడతారు. 2 లక్షల వడ్డీ కలిపి 6 లక్షలు, దాన్ని 60 కిస్తీలు చేస్తే పది వేలు. బ్యాంకులు లెక్కేసే పద్ధతిలో చూస్తే అది 17 శాతం పైమాటే. టికెట్ల లెక్క పైసాతో సహా సరిచూసే కమర్షియల్ క్లర్కును నేను. సంతకం పెట్టే రోజున ఆ లెక్క వేసుకోలేదు. అడిగితే ఇదీ చేజారిపోతుందేమోనన్న భయం. ముందే తీర్చేద్దామంటే దానికీ రుసుము ఉందని తర్వాత చదివాను.

కారు క్వార్టరు ముందు వేపచెట్టు కింద ఉంటుంది. ఆర్‌సీలో ఫైనాన్సు పేరు కూడా ఉంది. కిస్తీలు 2028 దాకా ఉన్నాయి, ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు.

ఆ తర్వాతే రిపోర్టు బాగుచేసుకునే పనిలో పడ్డాను. ఒక కార్డు మీద బ్యాంకు వదులుకున్న 38 వేలు నేనే వెళ్ళి కట్టి, 'సెటిల్డ్'ను 'క్లోజ్డ్'గా మార్పించుకున్నాను. ఇంకో లోనుకు బాకీ లేదన్న ఉత్తరం నా దగ్గరుంది, రిపోర్టులో మాత్రం బాకీ కనిపిస్తోంది. ఉత్తరం జత చేసి ఫిర్యాదు పెడితే సరిచేశారు. 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఇవన్నీ కారు తర్వాత కాదు, ముందు చెయ్యాల్సినవి.

మీరు నాలా రాజీ పడి బయటపడినవాళ్ళయితే షోరూముకు వెళ్ళకముందే మీ రిపోర్టు తెప్పించుకోండి. దేశంలో ఉన్న నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి. సెటిల్ చేసుకున్న బ్యాంకు కనీసం 12 నెలలు మీకు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్ నుంచి రిజర్వు బ్యాంకు నియమం, కాబట్టి అక్కడికి తొందరపడి వెళ్ళి లాభం లేదు. ఫారంలో కోర్టు ప్రశ్న ఉంటే ఉన్నదున్నట్టు రాసి ఉత్తర్వు కాపీ జత చెయ్యండి. 2024 అక్టోబరు నుంచి కారు లోను లాంటి ప్రతి రిటైల్ లోనుకూ ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా వడ్డీ ఎంత పడుతుందో రాసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు ముందే ఇచ్చి తీరాలి. అది చేతికొచ్చేదాకా టోకెన్ డబ్బు కట్టకండి.