చిత్తు కాగితం మీద చినార్ ఆకు

శ్రీనగర్ పాతబస్తీలో పాత పత్రికలు, గుడ్డపీలికలే పెట్టుబడి. రంగులద్దే వారికి పేరొస్తోంది. కాగితం దంచే వారే కరవవుతున్నారు.

దాల్ సరస్సు చూడటానికి వచ్చే పర్యాటకుల్లో జడీబల్ దాకా వెళ్లేవారు తక్కువ. బులెవార్డ్ రోడ్డు దుకాణాల్లో మెరిసే డబ్బాలు, గంటలు, కోడిగుడ్డంత బొమ్మలు చూసి, బేరమాడి, రెండు కొనుక్కుని హౌస్‌బోట్ ఎక్కేస్తారు. అవి తయారయ్యేది మాత్రం ఆ హంగులేవీ లేని పాతబస్తీలో. జడీబల్, హసనాబాద్, ఆలంగరీ బజార్, లాల్ బజార్ సందుల్లోని ఇళ్లలో, వెలుగు బాగా పడే కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చునే కుటుంబాల చేతుల్లో. వీరిలో ఎక్కువ మంది షియా ముస్లింలు. మొదట 16వ శతాబ్దంలో కట్టి, పలుమార్లు తగలబడి మళ్లీ లేచిన ఇమాంబాడా ఈ పేటలోనే ఉంది. యూరప్, అమెరికాల్లో క్రిస్మస్ చెట్లకు వేలాడే రంగుల గోళాల్లో కొన్నింటికి పుట్టిల్లు కూడా ఇదే.

ఈ కళకు ప్రపంచంలో స్థిరపడిన పేరు ఫ్రెంచి వారిది: పేపియర్ మాషే, అంటే నమిలిన కాగితం. కశ్మీర్‌లో పాత పేరు కార్-ఎ-కలందానీ. కలాలు దాచుకునే పెట్టెల మీద వేసే నగిషీతో మొదలైంది కాబట్టి ఆ పేరు. 14వ శతాబ్దంలో సూఫీ గురువు షా హమదాన్ వెంట వచ్చిన పనివారు తెచ్చారని కొందరంటారు. 15వ శతాబ్దపు సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ పోషణలో పెరిగిందని మరికొందరు. ఏ కథ విన్నా దారి మధ్య ఆసియా నుంచే వస్తుంది. 19వ శతాబ్దంలో కశ్మీరీ శాలువాలు ఈ పెట్టెల్లోనే ఫ్రాన్స్ చేరేవి. అక్కడి వ్యాపారులు శాలువాను ఒక ధరకు, ఖాళీ పెట్టెను మరో ధరకు అమ్ముకునేవారు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలయ్యాక శాలువా వ్యాపారం కుప్పకూలింది. పెట్టె మిగిలింది.

పని రెండు చేతుల మీదుగా నడుస్తుంది. ఆకారం చేసేవాడు సాఖ్తసాజ్, రంగులు వేసేవాడు నఖాష్. ఈ ఇద్దరూ సాధారణంగా ఒకే ఇంటివారు కారు. సాఖ్తసాజ్ పాత పత్రికలు, చింపేసిన నోటుపుస్తకాలు, చిత్తు కాగితాలు పోగుచేసి రోజుల తరబడి నీళ్లలో నానబెడతాడు. తర్వాత రాతి రోట్లో వేసి దంచుతాడు. గుడ్డపీలికలు, వరిగడ్డి కూడా అందులోనే పడతాయి. ఆ గుజ్జును బియ్యప్పిండితో కాచిన అతిజ్ అనే జిగురుతో కలిపి చెక్క, మట్టి లేదా ఇత్తడి అచ్చు చుట్టూ మెత్తుతారు. మరో పద్ధతిలో కాగితం ముక్కలనే జిగురు పూస్తూ పొర మీద పొరగా అంటిస్తారు. కొండపల్లి బొమ్మల్లో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు చేసే పనిని ఇక్కడ బియ్యపు గంజి చేస్తుంది.

ఆరబెట్టడానికి ఎండే దిక్కు. కశ్మీర్ చలికాలంలో అది దొరికేది అరుదు. పూర్తిగా ఆరిన ఆకారాన్ని సన్న రంపంతో రెండుగా కోసి అచ్చు నుంచి విడదీస్తారు. రెండు చిప్పలనూ మళ్లీ అతికించి, అతుకు కనబడకుండా చెక్క ఆకురాయితో అరగదీస్తారు. దాని మీద సుద్ద, జిగురు కలిపిన పూత. ఆ పూత బీటలు వారకుండా పలచని కాగితపు పీలికలు. ఇంత చేశాక అది తెల్లగా, తేలిగ్గా, బోసిగా నఖాష్ ఇంటికి చేరుతుంది. అక్కడి నుంచి కనబడేదంతా నఖాష్ కుంచె పనే: చినార్ ఆకులు, గుల్-ఎ-హజారా అనే వెయ్యి పూల గుత్తి, నీలిరెక్కల లకుముకి పిట్ట, బంగారు రేకు గీతలు, ఆపైన వార్నిష్. ఆడవాళ్లు చాలామంది ఇంటిపనుల మధ్యే ఈ పూలు నింపుతుంటారు.

చిక్కంతా ఈ విభజనలోనే ఉంది. పురస్కారాలు, ప్రదర్శనలు, విదేశీ ప్రయాణాలు ఎక్కువగా నఖాష్‌లకే దక్కాయి. సాఖ్తసాజ్‌కు మిగిలేది డజన్ల లెక్కన కూలి, తడిసిన చేతులు. కొడుకులు ఆ రోటి దగ్గర కూర్చోవడానికి ఇష్టపడకపోవడంలో వింత లేదు. ఆ ఖాళీలోకి అట్టడబ్బాలు, చెక్క, ఎండీఎఫ్ వచ్చాయి. అచ్చు అక్కర్లేదు, ఎండ కోసం కాచుకోనక్కర్లేదు. ఆర్డరు ఇచ్చిన వారంలో వేల పెట్టెలు తయారు. వాటిపైనా అదే చినార్, అదే పిట్ట. నాలుగు పూతలు పడ్డాక లోపల ఏముందో కొనేవాడికి తెలిసే వీలు తక్కువ. పేపర్ మాషేకు భౌగోళిక గుర్తింపు ఉంది, 2021లో శ్రీనగర్ యునెస్కో హస్తకళా నగరాల జాబితాలోనూ చేరింది. కానీ బిరుదులు కాగితాన్ని దంచవు. గుజ్జుతో చేసిన దానికే ముద్ర, దానికే తగిన ధర అనే నియమం బజారులో గట్టిగా అమలైతే తప్ప రోటి దగ్గర కూర్చునేవాడికి ఒరిగేదేమీ లేదు.

దీనికి తోడు లోయ రాజకీయం. క్రిస్మస్ సరుకు శరదృతువులోనే ఓడెక్కాలి కాబట్టి వేసవి చివరి నెలలు కీలకం. 2014 సెప్టెంబరు వరదలో లాల్ చౌక్, రాజ్‌బాగ్ మునిగాయి. 2019 ఆగస్టులో 370వ అధికరణం రద్దుతో పాటు ఫోన్లు, ఇంటర్నెట్ మూగబోయాయి. విదేశీ కొనుగోలుదారుకు చిన్న సందేశం పంపడానికీ దారి లేని రోజులవి. 4జీ సేవలు పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యలోనే కోవిడ్. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత బులెవార్డ్ దుకాణాలకు పర్యాటకులే కరవయ్యారు. చలికాలంలో హైదరాబాద్ వంటి నగరాల ఎగ్జిబిషన్లకు మూటలు కట్టుకు వచ్చే కశ్మీరీ వ్యాపారులకు ఇలాంటప్పుడు ఆ స్టాళ్లే ఆదరువు.

అక్కడ కొనేవారికి ఓ పాత పరీక్ష పనికొస్తుంది. పెట్టెను అరచేతిలో పెట్టి తూచాలి. బరువు తగిలితే అది చాలావరకు చెక్కే. చేతిలో ఏమీ లేనట్టు తేలిగ్గా ఉండి, కొడితే మందంగా మోగితే లోపల ఉన్నది పాత పత్రిక కావచ్చు. అలాంటి దానికి వ్యాపారి నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పినా బేరం లాగకపోవడం మంచిది.