మామూలు రిపోర్టులో కనిపించని లోపం

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ సంస్థలు ఉద్యోగులకు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో తెల్ల రక్తకణాల మొత్తం సంఖ్య సాధారణంగా ఉంటుంది. అది ఘన మిల్లీమీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 వరకు ఉంటే రిపోర్టులో ఏ హెచ్చరికా కనిపించదు. హెచ్‌ఐవీ సోకినవారిలో చాలామందికి తొలి సంవత్సరాల్లో ఈ సంఖ్య మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అందులో సగానికి పైగా న్యూట్రోఫిళ్లనే మరో రకం కణాలు కాగా, వైరస్ ముఖ్యంగా దెబ్బతీసే సీడీ4 కణాలు కొద్ది వంతు మాత్రమే. ఆరోగ్యవంతులలో ఇవి సాధారణంగా 500 నుంచి 1,500 వరకు ఉంటాయి.

సీడీ4 కణాలలో అత్యధికం క్రిములను నేరుగా చంపవు. ఏ కణం ఎప్పుడు దాడికి దిగాలో, ఎప్పుడు ఆగాలో సైటోకైన్లనే రసాయన సంకేతాల ద్వారా తెలియజేస్తాయి కనుకనే వాటిని సహాయక టీ కణాలంటారు. వైరస్ తన పైపొరలోని జీపీ120 ప్రోటీన్‌తో మొదట సీడీ4 గ్రాహకాన్ని పట్టుకుని, తర్వాత సాధారణంగా సీసీఆర్5 అనే మరో గ్రాహకం సాయంతో లోపలికి చేరుతుంది. అయితే నశించే కణాలన్నీ వైరస్‌ను ఉత్పత్తి చేస్తున్నవి కావు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ పరిశోధకులు 2014లో చూపినట్లు, లింఫ్ కణజాలంలో ఇన్ఫెక్షన్ మధ్యలోనే ఆగిపోయిన కణాలు అసంపూర్ణ వైరల్ డీఎన్ఏను పసిగట్టి, కాస్పేస్-1 అనే ఎంజైము ప్రేరణతో పగిలిపోతూ ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే కణజాలంలో తాపాన్ని, రేపే పదార్థాలను వెదజల్లుతాయి. ఆ పిలుపుకు కొత్త కణాలు అక్కడికి చేరితే అవీ అదే దారిన నశించవచ్చు.

మొదటి కొన్ని వారాల్లోనే పేగు గోడల్లోని సీడీ4 కణాలు భారీగా నశించడం వల్ల, పేగులో ఉండవలసిన బాక్టీరియా శకలాలు రక్తంలోకి జారి నిరోధక వ్యవస్థను నిరంతరం రెచ్చగొడతాయి. అందువల్ల ఈ వ్యాధిలో నిరోధక శక్తి తగ్గుతుందనడం సగం నిజమే. అది తగ్గుతూనే, అనవసరంగా మండుతూ ఉంటుంది కూడా. వైరస్‌పై పోరాడే సీడీ8 కణాలు ఎడతెగని ప్రేరణకు అలసి పీడీ-1 అనే, కణాన్ని అణిచే గ్రాహకాన్ని ఎక్కువగా ధరిస్తే, బీ కణాలు సరైన ఆదేశం లేకుండా యాంటీబాడీలను గుట్టలుగా తయారుచేస్తాయి. ఆరోగ్య పరీక్షల రిపోర్టులో గ్లోబ్యులిన్ కారణం తెలియకుండా పెరిగినా, ప్లేట్‌లెట్లు గానీ లింఫోసైట్లు గానీ తగ్గినా, హెచ్‌ఐవీని కూడా దృష్టిలో ఉంచుకోవలసింది ఇందుకే.

సీడీ4 కణాల సంకేతాలు తెగిపోతే ఏమవుతుందో హెచ్‌ఐవీ ఉన్న క్షయరోగులలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. క్షయక్రిమిని మింగిన మాక్రోఫేజ్, అంటే భక్షక కణం, దానిని చంపాలంటే సీడీ4 కణం నుంచి ఇంటర్ఫెరాన్-గామా అందాలి. ఊపిరితిత్తిలో క్షయ గుల్లలు ఏర్పడటానికి కూడా బలమైన నిరోధక ప్రతిస్పందన కావాలి. సీడీ4 బాగా పడిపోయిన యువ ఉద్యోగికి వారాల తరబడి జ్వరం, బరువు తగ్గుదల ఉన్నా, ఎక్స్‌రేలో గుల్ల కనిపించకపోవచ్చు, కఫంలో క్రిమి దొరక్కపోవచ్చు. దీన్ని రాత్రి షిఫ్టుల అలసటగా భావించడంతో నెలలు గడిచిపోతాయి. ముప్పై ఏళ్లకే నడుము చుట్టూ సర్పి (హెర్పిస్ జోస్టర్) వస్తే దానికీ నిద్రలేమి, పని ఒత్తిడే కారణమని సరిపెట్టుకోవడం ఈ ఐటీ కారిడార్‌లో వైద్యులకు పరిచితమైన దృశ్యం. భారతదేశంలో హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది క్షయే కనుక గుర్తింపులో ఈ జాప్యం ప్రాణాంతకం.

చికిత్స సులభం. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్ చికిత్స) ప్రారంభమైంది. 2017 నుంచి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా అందరికీ ఇస్తున్నారు. ప్రపంచమంతా వాడే ఈ మందుల్లో గణనీయమైన భాగం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హెటెరో, అరబిందో వంటి కంపెనీలే తయారుచేస్తాయి. అయినా షేరింగ్ గదిలో మిత్రుడు మాత్రలు చూస్తాడేమోనని, ఆన్‌సైట్ ప్రయాణంలో ఇబ్బందని, రిపోర్టు బాగుందని మందు ఆపేవారు ఉన్నారు. 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో 5,472 మందిని పరిశీలించగా, సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపినవారిలో మరణాలు పెరిగాయి, గుండె, మూత్రపిండ, కాలేయ సమస్యలూ ఎక్కువయ్యాయి. మందు ఆపేనాటికి సంఖ్య బాగున్నా లోపలి మంట తిరిగి రాజుకుంటుందనడానికి ఇంతకంటే బలమైన నిదర్శనం అవసరం లేదు.

ఉద్యోగమివ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తుంది. సమ్మతి లేని పరీక్షనూ, గోప్యతా భంగాన్నీ అదే చట్టం కాదంటుంది. కాబట్టి ఉద్యోగానికి భయపడి గానీ, తెల్లకణాల మొత్తం మామూలుగా ఉందని గానీ ఊరుకోకుండా, సర్పి గానీ, కారణం తెలియని జ్వరం గానీ, తగ్గని దగ్గు గానీ ఉన్నవారు వైద్యుణ్ణి హెచ్‌ఐవీ పరీక్ష కోరాలి. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయాలి.