ఎక్స్‌రే అడగని మాట

ఏప్రిల్ 8
తాడిపత్రి పక్క పల్లెలో క్షయ క్యాంపు. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషను, పక్కన ఏఐ ప్రోగ్రాం ఉన్న ల్యాప్‌టాప్. తెర మీద ఊపిరితిత్తుల బొమ్మలో రంగు మచ్చ, మూలన క్షయ అనుమానం ఎంతో చెప్పే ఒక అంకె. అనుమానం ఉందట, తెమడ పరీక్ష రాశారు.

బయటికొచ్చిన పెద్దాయనను అడిగినా, "ఏం పని చేస్తాంటివప్పా?"
"బండల పాలిషే సామీ. ఇరవై ఏండ్లు."

ఫారంలో పేరు, వయసు, దగ్గు, జ్వరం ఉన్నాయి. పని గురించి ఒక్క గడి లేదు.

ఏప్రిల్ 9
రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో క్షయలాగే కనిపించొచ్చు. అది ఉన్నవాళ్లకు క్షయ ముప్పూ ఎక్కువే. క్షయను పట్టడానికి తయారైన ప్రోగ్రాం క్షయనే వెతుకుతుంది. తెమడలో క్రిమి దొరకలేదనుకుందాం. "ఏం లేదు, పో" అంటే ఆయన పోయేది మళ్లీ ఆ దుమ్ములోకే. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారమిచ్చే చట్టం జాబితాలో మాత్రం అది ఉంది. కాగితం మీద ఆ జబ్బు పేరు పడకపోతే పరిహారమూ లేదు.

ఏప్రిల్ 10
ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే వైద్యులకు చెప్పాడు: రోగిని చేసే పనేమిటో కూడా అడగండని.

ఏప్రిల్ 14
మిషను వద్దనను. 15 ఏళ్లు నిండినవాళ్లకు క్షయ స్క్రీనింగులో ఈ సాఫ్ట్‌వేర్ వాడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది. రేడియాలజిస్టు దొరకని పల్లెకు అది చిన్న మేలు కాదు. కానీ ఆ అంకె ఒకే ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్నను ఎంచుకున్నవాళ్లు తాడిపత్రి దుమ్మును చూసి ఎంచుకోలేదు.

ఏప్రిల్ 17
నీళ్లదీ ఇదే కథ. ఈ జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. ఫ్లోరైడ్‌తో నడుము పట్టేసిన మనిషిని ఏ బోరు నీళ్లు తాగుతున్నాడో అడగనిదే ఆ నొప్పి మూలం అందదు.

ఏప్రిల్ 21
తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలి? ఐసీఎంఆర్ 2023లో వైద్య ఏఐకి నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, జవాబుదారీతనం అందులో ఉంది. క్యాంపు చీటీ మీద మాత్రం డాక్టరు సంతకం కనపడలేదు. అంకెకు సంజాయిషీ ఇచ్చే బాధ్యత లేదు, మనిషికి ఉంది.

క్యాంపులు నడిపేవాళ్లకు నా విన్నపం: ఫారంలో రెండు గడులు పెంచండి, ఏం పని, ఏ నీళ్లు. చీటీ కింద ఒక డాక్టరు పేరు, ఫోన్ నంబరు రాయండి.