రేటు కింది అరలో ఉంది: ఎసెన్‌లో సరుకుల వేట

(ట్రామ్ దిగుతూ)
జర్మనీలో ఎసెన్ ఇది, ఒకప్పటి బొగ్గుగనుల ఊరు. టూరిస్టులు సాధారణంగా జోల్‌ఫెరైన్ గని చూసి వెళ్లిపోతారు. మనం ఆ పక్కనే ఉన్న షోనెబెక్ పేటకొచ్చాం. 1913లో ఆనా ఆల్బ్రెష్ట్ అనే ఆవిడ చిన్న కొట్టు పెట్టింది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొడుకులు కార్ల్, తియో దాన్ని అందుకున్నారు. అదే ఇవాళ్టి ఆల్డి. సిగరెట్లు అమ్మాలా వద్దా అని అన్నదమ్ములకు పేచీ వచ్చి, 1960ల మొదట్లో దేశాన్నే ఉత్తరం, దక్షిణం అని పంచేసుకున్నారు. ఒకరి హెడ్డాఫీసు ఎసెన్‌లో, ఇంకొకరిది పక్క ఊరు మ్యూల్‌హైమ్‌లో. అచ్చం మన ఊళ్ల గట్టు తగాదా!

(ఆల్డి లోపల)
ట్రాలీ కావాలంటే యూరో బిళ్ల పెట్టాలి. ట్రాలీ తెచ్చి పెట్టేస్తే బిళ్ల మనకొచ్చేస్తుంది, వాటిని సర్దే మనిషి జీతం వాళ్లకు మిగులుతుంది. సరుకు చూడండి, అట్టపెట్టె మూత చింపి అలాగే అరలోకి తోసేశారు. ఈ ప్యాకెట్ మీద బార్‌కోడ్ ఎంత పొడుగుందో! క్యాషియర్ అటూ ఇటూ తిప్పి వెతుక్కునే పని లేదు. ఆవిడ వేగానికి మనం సంచి విప్పేలోపే బిల్లయిపోతుంది. రకాలూ తక్కువే, రెండు వేలకు అటూ ఇటూ.

(రేవె సూపర్ మార్కెట్)
ఇక్కడ దీపాల వెలుగు, పూల బకెట్లు, చీజ్ కౌంటరు, వేలకొద్దీ రకాలు. చూడగానే జేబు తడుముకుంటాం. స్పగెట్టి అర దగ్గరకి రండి. కళ్లకెదురుగా నీలం రంగు బరిల్లా, అర కిలో. ఆఫర్ లేని రోజున రెండు యూరోలకు దగ్గర. ఇప్పుడు కెమెరా కిందికి... ఇంకొంచెం... ఇదిగో, మోకాళ్లకంటే కింద తెల్ల ప్యాకెట్, పేరు ‘యా!’. 1982 నుంచి రేవె సొంత బ్రాండు ఇది. అదే అర కిలో, యూరో లోపే! ఆల్డిలో కూడా ఇదే రేటు. పాలు, వెన్న, పంచదార కూడా దాదాపు ఇంతే. ఆల్డి వెన్న రేటు మార్చిందంటే మిగతావాళ్లు చాలాసార్లు అదే రోజు మార్చేస్తారు. అంచేత నన్నడిగితే కొట్టు మారక్కర్లేదు, నడుం వంచితే చాలు. కాకపోతే ఆల్డిలో మనసు జారే వీలు తక్కువ. ఇక్కడ ఆ చీజ్ కౌంటరు దాటుకుని రావాలిగా!

రేటు చీటీ మీద ఈ చిన్న అక్షరాలు చూశారా? కిలో ధర. ప్యాకెట్ సరుకులకు వంద గ్రాముల లెక్క చెల్లదు, కిలోకో లీటరుకో రాయాల్సిందేనని 2022లో రూలు మార్చారు. పెద్ద ప్యాకెట్ చౌకేమోనని ఊహించుకోకుండా ఇది చదవండి.

ఇంకో తమాషా. పెనీ అని చౌక కొట్లుంటాయి, అవి రేవె వాళ్లవే. పసుపు, ఎరుపు బోర్డు నెట్టో ఏమో సూపర్ మార్కెట్ ఎడెకా వాళ్లది. లిడ్ల్, కౌఫ్‌లాండ్ రెండూ ఒకే గూటివి. వీటిలో ఎక్కడ కొన్నా డబ్బు ఆల్డితో కలిపి ఆ నాలుగు గల్లాపెట్టెల వైపే!

ఇక ఇక్కడ చదువుకునే మన పిల్లలకు. పాలు, పెరుగు, ఉల్లిపాయలకు ఆల్డి బాగుంటుంది. కొత్తిమీర మాత్రం ఆల్డి, రేవె రెంటిలోనూ వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్ముతారు. టర్కీ వాళ్ల కొట్లో పచ్చగా కట్ట ఇస్తారు, బెండకాయలూ అక్కడే. కందిపప్పు, చింతపండు కోసం ఇండియన్ స్టోర్‌కి పోవాల్సిందే, రేటు విని గుండె దిటవు చేసుకోవాల్సిందే.

(బిల్లు క్లోజప్)
ప్లాస్టిక్ నీళ్ల సీసా పక్కన 25 సెంట్లు అదనంగా పడ్డాయని గొడవపడకండి. అది డిపాజిట్. ఖాళీ సీసా కొట్లో ఉండే మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది, కౌంటర్లో ఇస్తే తగ్గిస్తారు. ఆల్డిలోనూ రేవెలోనూ ఇదే లెక్క.

ఇవాళ శనివారం. రేపు ఈ కొట్లన్నీ మూతే, పాలు ఇంకో డబ్బా తీసుకునే కదలండి.