ముందు ఏ లెన్సు కొనాలి? బెలుం, గండికోట తిరిగొచ్చాక తేలింది

ఏమండీ, పిల్లలకు బట్టలు కొనేటప్పుడు రెండో ఆలోచన లేని మనం, మనకంటూ ఒక సరదా వస్తువు కొనుక్కోవాలంటే ఎంత తటపటాయిస్తామో గమనించారా? నా సంగతే చెబుతాను, వినండి.

మాది కర్నూలు. నాలుగేళ్ళ కిందట మా మరిది కొత్త కెమెరా కొనుక్కుని, తన పాత నికాన్ డి3400 నా చేతిలో పెట్టాడు. దాంతోపాటు వచ్చిన చిన్న లెన్సు ఒక్కటే, 18-55 అంటారు. కొండారెడ్డి బురుజు, పెరట్లో మందారాలు, మేడ మీద పావురాలు, అన్నీ దాంతోనే తీశాను. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, ఆ అంకెలన్నీ నాకెక్కడ వస్తాయి అనుకున్నాను గానీ, వంట వచ్చినవాళ్ళకి ఇదీ వస్తుందండీ. ఎంత మంట, ఎంతసేపు అన్నదే లెక్క.

జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి 15,000 రూపాయలు కూడబెట్టాను. ఇక ఏం కొనాలి? దూరాన్ని దగ్గరగా చూపించే జూమ్ లెన్సా? కెమెరా కదలకుండా నిలబెట్టే స్టాండా? లేక జూమే లేని, తక్కువ వెలుతురులోనూ పనిచేసే 50 లెన్సా? ఊళ్ళో ఒక కొట్టతను "జూమ్ తీసుకోండమ్మా, అందరూ అదే కొంటారు" అన్నాడు. నాకూ మనసు అటే లాగింది. మా వారు మాత్రం, "సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్తున్నాం కదా, ఉన్నదాంతో తీసి చూడు. ఎక్కడ ఇబ్బంది పడతావో అదే కొందాం" అన్నారు. ఆయన చెప్పిన మంచి మాటలు తక్కువే గానీ, ఇది మాత్రం వాటిలో ఒకటి.

అత్తగారి ఊరు జమ్మలమడుగు దగ్గర పల్లె. బనగానపల్లె మీదుగా వెళుతూ దారిలో బెలుం గుహల దగ్గర ఆగాము. 2022లో జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా నోటికి ఇంకా కర్నూలు గుహలే. పైన చూస్తే మామూలు చదును నేల. మెట్లు దిగితే కిందంతా వేరే లోకం! మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనం నడిచి చూడొచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయుడు వీటి గురించి రాశాడు. 1982, 83ల్లో గెబావర్ అనే జర్మన్ ఆయన తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. 2002లో పర్యాటక శాఖవాళ్ళు మెట్లు, దీపాలు పెట్టి జనానికి తెరిచారు.

లోపల ఉక్కపోత. కారులో ఏసీ వేసుకుని వచ్చామేమో, కెమెరా బయటికి తీయగానే లెన్సు మీద ఆవిరి కమ్మింది, అన్నం గిన్నె మూత తీసినట్టు. అలవాటుగా కొంగుతో తుడవబోతే మా పాప చెయ్యి పట్టుకుంది, గీతలు పడతాయని! పది నిమిషాలు ఆగితే అదే పోయింది. దీపాలు ఉన్నా చీకటే. తీసిన వాటిలో సగం కదిలిపోయాయి. ఐఎస్ఓ పెంచితే ఫోటో మీద ఉప్మారవ్వ చల్లినట్టు గింజలు. ఇక్కడ కావాల్సింది స్టాండు అనుకున్నాను. కానీ ఆ ఇరుకు దారుల్లో, వెనక జనం తోసుకొస్తుంటే మూడు కాళ్ళూ ఎక్కడ చాపాలి? చివరికి ఒక బండరాయికి ఆనించి, ఊపిరి బిగబట్టి నాలుగు తీశాను. రెండు బాగా వచ్చాయి.

మర్నాడు సాయంత్రం గండికోట. ఎర్రమల కొండలను పెన్నానది చీల్చుకుని పోయిన ఆ లోయ అంచున నిలబడితే మాట రాదండీ. గోడ కట్టినట్టు పొరలు పొరలుగా ఎర్రరాళ్ళు. పొద్దు వాలేకొద్దీ ఇటుక రంగు కాస్తా కుంకుమ రంగవుతుంది. కోటలో మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఇక్కడ జూమ్ పనే పడలేదు సుమా! ఇంకా వెడల్పుగా కావాలనిపించిందే తప్ప, దగ్గరగా కాదు. నా చిన్న లెన్సును 18కి తిప్పితే లోయ చాలావరకు పట్టింది. పైగా ఆ గాలికి లేచే దుమ్ములో లెన్సులు మార్చడమంటే కెమెరా కడుపులోకి మట్టి పోసినట్టే. రోళ్ళపాడు పక్షుల కోసం పదే పదే తిరిగేవాళ్ళకైతే జూమ్ తప్పదు. నేను అక్కడికి వెళ్ళింది ఒక్కసారి.

అసలు సంగతి మూడో రోజు పొద్దున తెలిసింది. మా అత్తమ్మది పాతకాలపు మట్టి మిద్దె. వంటింట్లో దీపం పగలు వెయ్యనివ్వదు. పైన గవాచిలోంచి పడే వెలుగే. ఆ వెలుగు కింద కూర్చుని ఆమె జొన్నరొట్టెలు తడుతోంది. పక్కన రోట్లో చెనక్కాయల ఊరుబిండి. పొగలోంచి ఏటవాలుగా వెలుగు ఆమె చేతుల మీద పడుతోంది. పరుగెత్తి కెమెరా తెచ్చాను. "నా మొహం ఏంటికి మ్మే, గండికోటను తీసినావు కదా" అని నవ్వింది. పది తీశాను. పదింటికి పదీ మసకే.

అప్పుడు నా కన్ను గోడ మీదికి పోయింది. అక్కడ మా మామయ్య ఫోటో ఉంది. ఆయన పోయినప్పుడు ఇల్లంతా వెతికినా సరైన ఫోటో దొరకలేదు. ఓటరు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి కట్టించాము. కళ్ళు కూడా సరిగ్గా కనిపించవు. అత్తమ్మకు ఇప్పుడు డెబ్బై ఆరు. ఇంట్లో కెమెరా ఉండీ రేపు ఈమెకూ అదే గతి పట్టిస్తానా అనిపించి, రొట్టె గొంతు దిగలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. స్టాండు కెమెరాను కదలనివ్వదు, నిజమే. కానీ రొట్టె తట్టే చేతులను ఆపలేదు కదా! కావాల్సింది వెలుగు. లెన్సు మీది అంకె ఎంత చిన్నదైతే దాని నోరు అంత పెద్దది. గరాటు నోరు పెద్దదైతే సీసా త్వరగా నిండినట్టు, వెలుగు త్వరగా నిండుతుంది. నా లెన్సు 50 దగ్గర దాదాపు 5.6. కొత్తది 1.8. అంటే ఇంచుమించు తొమ్మిది రెట్లు వెలుగు. సెకనులో 15వ వంతు పట్టే ఫోటో 125వ వంతులో అయిపోతుంది.

కొనేముందు ఒక పరీక్ష కూడా చేశాను. ఉన్న లెన్సునే 50 దగ్గర పెట్టి, రోజంతా తిప్పకుండా తీశాను. వంటింట్లో గడప దాకా వెనక్కి జరగాల్సి వచ్చింది గానీ, మనిషి పట్టింది. మీ వంటిల్లు మరీ చిన్నదైతే 35 పెట్టి చూడండి, అదే నయం కావచ్చు.

నా దగ్గరున్న డబ్బులోనే 50 వచ్చింది, కొంత మిగిలింది కూడా. ఉగాదికి మళ్ళీ వెళ్ళాము. మొదట 1.8తో తీస్తే మొహం స్పష్టంగా, చేతులు మసకగా వచ్చాయి. 2.8కి పెట్టి, రొట్టె తిప్పబోతూ ఆమె ఒక్క క్షణం ఆగినప్పుడు నొక్కాను. వచ్చింది! ఫోటో చూసి అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నా చేతులు ఇంత ముడతలు పడినాయా" అంది. తర్వాత దాన్ని తీసుకెళ్ళి మామయ్య ఫోటో పక్కన ఆనించింది.

మీకోసం నాలుగు మాటలు:

- కొనేముందు, చెడిపోయిన ఫోటోలను పారేయకుండా ఎందుకు చెడ్డాయో రాసుకోండి. ఏ కారణం ఎక్కువసార్లు వస్తే దానికి మందు కొనండి.
- నాలాంటి నికాన్ కెమెరాల్లో ఫోకస్ చేసే మోటారు ఉండదు. లెన్సులోనే మోటారు ఉందో లేదో అడిగి తీసుకోండి. చవక అని పాతరకం కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.
- చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పారేయకండి, కెమెరా సంచిలో వేయండి.
- ఎండాకాలం గండికోటకు మధ్యాహ్నం పూట వద్దు. పొద్దునో సాయంత్రమో వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి.

మిగిలిన డబ్బుతో స్టాండు కొంటానేమో చూడాలి. ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే, ఫోనుతోనైనా సరే, ఒక ఫోటో తీసుకోండి.