ఆట యిటుకలు సర్దుట యెవరి కొరకు?

మీ యింట చిన్నపిల్లలున్న యెడల రంగురంగుల ప్లాస్టిక్ ఆట యిటుకలు మీకు క్రొత్త కావు. ఒకదాని తలమీది బొడిపెలు మరియొకదాని అడుగున బిగియును. వాటితో పిల్లలు ఇండ్లు, వంతెనలు, రైళ్లు కట్టుదురు. ఏ కంపెనీ చేసినను పిల్లల నోట అన్నియు "లెగోలే". సాయంకాలమగునప్పటికి అవి మంచము క్రింద, గడప ప్రక్కన, ఒక్కొక్కసారి బియ్యపు డబ్బాలో సయితము కనబడును. వాటిని సర్దుట చిన్న పనియే. అయినను ఆ చిన్న పనిలో ఇంటివారందరు నేర్చుకొనదగినది ఒకటి కలదు. దానినే మీతో చెప్పగోరుచున్నాను.

మా యింట ఒక మనుమడు, ఒక మనుమరాలు ఉన్నారు. వానికి ఏడేండ్లు, దానికి పదునాలుగు నెలలు. చిన్నది ప్రాకుచు, లేచుచు, దొరికినదెల్ల నోట పెట్టుకొనును. మాది రెండు గదుల యిల్లు. ఆటకు వేరే చోటు లేదు. ఒకనాడు దాని బుగ్గలో ఏదో ఉన్నట్లు మా కోడలు కనిపెట్టి, నోరు తెరచి, శనగగింజంత పచ్చని ముక్కను వెలుపలికి తీసెను. ప్రమాదమేమియు జరుగలేదు గాని ఆమె చేతులు వణకినవి. "అత్తయ్యా, ఇవన్నీ మూటగట్టి అటకమీద పడేస్తాను" అనెను. పిల్లవాడు తాను సగము కట్టిన రైలు స్టేషనును రెండు చేతులతో పొదివి పట్టుకొని నిలిచెను. వానికి మాట రాలేదు.

తల్లి భయము న్యాయమైనది. మూడేండ్ల లోపు పిల్లలకు తగదని తెలుపుటకై ఇట్టి పెట్టెలమీద చిన్నపిల్ల ముఖమును, దానిపై అడ్డగీతను ముద్రించుదురు. పిల్లవాని దుఃఖము కూడ న్యాయమైనదే. ఒకరి ప్రాణము కాపాడుటకు మరియొకరి ఆటను అటక ఎక్కించవలెనా? కోడలి మాటలోనే దారి దొరికినది. మూట కట్టవలసినదే, అయితే అటకకు కాదు.

ఒక పాత దుప్పటిని నేలపై పరచితిమి. ఇటుకలు దానిమీదనే పోయవలెను, దానిమీదనే కట్టవలెను. ఆట ముగిసినప్పుడు నాలుగు చెంగులు కూడదీసి ముడివేసిన యెడల సర్దుట సగము ముగిసినట్లే. మూటను కొక్కెమునకు తగిలించితిమి.

తరువాత ముక్కలను వేరుచేసితిమి. అనేకులు రంగును బట్టి వేరుచేయుదురు. అది చూపునకు అందమే గాని వెదకువానికి సాయపడదు. ఎఱ్ఱని కుప్పలో ఎఱ్ఱని చిన్న ముక్క కంటికి చిక్కదు. ఒకే ఆకారము గల ముక్కలలోనైతే కావలసిన రంగు చూచినంతనే కనబడును. కాబట్టి ఆకారమును బట్టి వేరుచేయుడి. శనగగింజంతవి, చక్రములు, బొమ్మ మనుష్యుల టోపీలు మా యింట పాత పోపుల డబ్బాలో చేరినవి. దాని మూత బిగువు; దాని చోటు పై గూడు. చెల్లెలు నిద్రపోవునప్పుడు మాత్రమే అది క్రిందికి దిగును.

ఎక్కువ ముక్కలు లేవని బీదవారు విచారపడనక్కరలేదు. డెన్మార్కు దేశములోని బిల్లుండ్ అను ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో బొమ్మలు చేయ మొదలుపెట్టెను. లెగో అను పేరునకు ఆ దేశపు భాషలో "బాగుగా ఆడుము" అను మాటలు మూలము. ఇప్పటి రూపమునకు 1958లో పేటెంటు కోరిరి. ఆ యేటి ఇటుక నేటి ఇటుకతో కూడ బిగియును. ఎనిమిదేసి బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91 కోట్లకు పైగా విధములుగా కూర్చవచ్చునట! కావున పిల్లవాడు ఆ పూటకు కావలసినన్ని మాత్రమే తీసుకొనిన చాలును.

సగము కట్టినదానిని కోపముతో ఊడదీయకుడి. దానిని ఒక చెక్కమీద నిలిపి ఎత్తున పెట్టుడి. పెద్దలు తన పనిని గౌరవించిరని ఎరిగిన పిల్లవాడు పెద్దల మాటను కూడ గౌరవించును.

చప్పరించిన ముక్కలను గోరువెచ్చని సబ్బునీట కడిగి, చేటలో పోసి నీడను ఆరబెట్టుడి. మరిగిన నీరు పోయరాదు, ముక్కలు వంకరపోవును. ఒకవేళ బిడ్డ గొంతులో ఏదైన అడ్డుపడినను గట్టిగా దగ్గుచున్నంతవరకు దగ్గనీయుడి. దగ్గలేక, ఏడ్వలేక ఉన్నచో తల క్రిందికి వంచి, వీపున రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టుడి. మరియొకరు వెంటనే 108కి ఫోను చేయవలెను. కంటికి కనబడని ముక్క కొరకు గొంతులో వ్రేలు పెట్టి వెదకరాదు. అది మరింత లోనికి పోవును.

బాలవిద్యకు మార్గము చూపిన ఫ్రోబెల్ జర్మనీ దేశమున 1782లో ఒక పాదిరి కుమారుడుగా పుట్టెను. 1840లో "కిండర్‌గార్టెన్" అను పేరు పెట్టినవాడు ఆయనయే. ఆయన పిల్లలకిచ్చిన ఆటవస్తువులలో ఎనిమిది చిన్న కొయ్య ఘనములు గల పెట్టె యొకటి. పెట్టెను బోర్లించి మూతను ప్రక్కకు లాగి పైకెత్తగా ఎనిమిదియు కలిసి ఒకే పెద్ద ఘనముగా కనబడును. ఆట ముగిసిన పిమ్మట మరల ఆ రూపముగానే పెట్టెలో చేర్చవలెను. సర్దుట ఆటకు శిక్ష కాదు, ఆటలో చివరి భాగమే అని ఈ యేర్పాటు నేర్పుచున్నది.

మా పిల్లవాడు ఆ చివరి భాగమునకు తనంతట తానే మరియొకటి చేర్చెను. మూట కట్టిన తరువాత నేలపై బోర్ల పండుకొని, చెంప గచ్చునకు ఆనించి, మంచము క్రిందికి చూచును. ఎందుకురా అని అడిగితిని. "చెల్లి ఇక్కడినుంచే కదా చూస్తుంది, నాన్నమ్మా" అనెను.

తల్లిదండ్రులారా, చక్కగా సర్దిన యిల్లు చూపరులకు ముచ్చటగా ఉండును. అయితే చూపరుల కొరకు సర్దుట వేరు, మనకంటె చిన్నవారి కొరకు సర్దుట వేరు. బావిమీద మూత వేయుట, పురుగుల మందును ఎత్తున పెట్టుట, కొడవలిని చూరున చెక్కుట, ఇవన్నియు ఈ రెండవ జాతి పనులు. మీ బిడ్డతో "ఇల్లు చిందరవందరగా ఉన్నది, ఎత్తు" అనుటకు బదులు "నీ తరువాత ఇక్కడికి ఎవరు వచ్చెదరు?" అని అడిగి చూడుడి. ఆ ప్రశ్నకు జవాబు వెదక నేర్చిన బిడ్డ, పెద్దయిన పిమ్మట పొలమునందును, వీధియందును, పదిమంది నడుచు త్రోవయందును అదే వెదకును.