సర్వం జగన్నాథం

మడియు మైలయు, తనదియు పరులదియు కలగాపులగమైపోయినచోట "అంతా సర్వం జగన్నాథం" అని నవ్వుట మన తెలుగువారికి వాడుక. ఆ మాటలో కొంత హేళన, కొంత నిస్పృహ ధ్వనించును. అది పూరీక్షేత్రమును బట్టి వచ్చిన మాట. అచ్చట అది హేళన కాదు, అన్నము పెట్టు పద్ధతి. బరంపురమున నివసించు మావంటివారు ఈ సంగతి చిన్ననాటినుండి ఎరుగుదురు. ఎరుగుట వేరు, ఆ ఆకు ముందు కూర్చుండుట వేరు.

మా కుటుంబము నాలుగు తరములుగా బరంపురమున నున్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా ప్రత్యేకరాష్ట్ర మైనప్పుడు గంజాము సీమతోపాటు మా ఊరును మద్రాసు రాజధానినుండి విడివడినది. మేము ఇల్లు కదలలేదు, ఎల్లయే కదలినది. నాటినుండి బజారులో ఒడియా, ఇంట తెలుగు. మా అమ్మ రెండు భాషలను సమముగా మాట్లాడును. కాని ఆమె వంటిల్లు మాత్రము ఏ రాష్ట్రమునందును చేరినది కాదు. ఎనుబదియారేండ్ల వయసున సైతము తెల్లవారకముందే తడిబట్టతో మడి కట్టుకొని, తన గిన్నె తానే ఎక్కించుకొని, తాను వండుకొన్నదే తినును. నా భార్య వండునది కూడ మడితో వండినగాని ముట్టదు. ఇతరుల యింట మంచినీరైనను పుచ్చుకొనదు.

అట్టి యింటికి మూడేండ్ల క్రిందట ఒడియా కోడలు వచ్చినది. మా అబ్బాయి భువనేశ్వరములో ఉద్యోగము చేయుచు, అచ్చటనే ఆ పిల్లను ఇష్టపడి పెండ్లి చేసికొన్నాడు. కులము వేరు, భాష వేరు. అమ్మ ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. పెండ్లికి వచ్చి అక్షతలు వేసినది. కాని ఆ పిల్ల వంటింటి గడపపై కాలు మోపగానే అమ్మ మెల్లగా లేచి తన మూలకు పోవును. కోడలు రెండు మారులు చూచి, మూడవమారు గడప దాటుట మానుకొన్నది. ఇంటిలో ఎవరును ఈ విషయము ఎత్తరు. ఎత్తని మాట ఎత్తినదానికంటె బరువు.

గత మార్గశిరమున అమ్మ తానై జగన్నాథుని చూడవలెనని కోరినది. తెల్లవారుజామున రైలెక్కితిమి. రంభ దాటిన పిదప చిల్క సరస్సు కిటికీప్రక్కనే మాతో పరుగెత్తినది. చలికాలపు పక్షులు నీటిపై నల్లని చుక్కలవలె నుండెను. ఖుర్దారోడ్డులో బండి మారితిమి. అబ్బాయియు కోడలును అచ్చట మాతో కలిసిరి. ఆ పిల్ల అమ్మకొరకు అరటిపండ్లు తెచ్చినది. పండునకు దోషము లేదు కనుక అమ్మ ఒకటి పుచ్చుకొన్నది. సాక్షిగోపాలము దగ్గర కొబ్బరితోపులు కనబడగానే చేతులు జోడించినది.

అమ్మ పూరీ చూచుట అదియే మొదలు కాదు. కొత్తకోడలుగా నున్నప్పుడు మా నాయనమ్మతో ఒకసారి వచ్చినదట. మా నాయనమ్మ నిష్ఠ ఇంకను గొప్పది. ఆనందబజారు దరిదాపులకు పోనీయక, బెత్తపు దెబ్బ తినిపించి, కాజాలు కొనిపించి ఇంటికి తీసికొనిపోయినదట. అబఢ, అనగా స్వామి కారగించిన అన్నము, ఆనాడు అమ్మకు దక్కలేదు.

ఈ ఆలయము మనకు పరాయిది కాదని నేను అబ్బాయికి చెప్పుచునే యుందును. పండ్రెండవ శతాబ్దమున దీనిని కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుని వంశమునకు పూర్వపు రాజధాని కళింగనగరము. అది నేటి శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగము. వాడు తల యూపును గాని వినడు. 2024 జనవరిలో తెరచిన ప్రదక్షిణమార్గము మేఘనాదప్రాకారము చుట్టును విశాలముగా నున్నది. అమ్మ అచ్చట చక్రములకుర్చీ వద్దన్నది. సింహద్వారమున అరుణస్తంభమునకు మ్రొక్కి, ఇరువదిరెండు మెట్లును నా భుజము పట్టుకొని ఎక్కినది. దర్శనమును గూర్చి వ్రాయుటకు నాకు మాటలు చాలవు. ఆ గుండ్రని కన్నుల ముందు అమ్మ ఎంతసేపు నిలిచినదో కూడ జ్ఞాపకము లేదు, వెనుకనుండి జనము త్రోసిరనుట తప్ప.

వంటశాలలోనికి మనవంటివారికి ప్రవేశము లేదు. అందు వందలకొలది పొయ్యిలు కలవు. సువారులను వంటవారు కట్టెలమంటపై మట్టికుండలను ఒకదానిమీద నొకటిగా పేర్చి వండుదురు. ఒకసారి వాడిన కుండ మరల వాడరు. ఉల్లి, వెల్లుల్లి సరేసరి. బంగాళాదుంప, టొమాటో వంటి విదేశీయములకును ప్రవేశము లేదు. అన్నిటికంటె పైనున్న కుండలోనిదే ముందుగా ఉడుకునని భక్తుల మాట. మా అబ్బాయి ఇంజనీరగుటచే ఆవిరి పైకెట్లు పోవునో వివరింపబోయెను. "నీ ఆవిరి నీ దగ్గరే ఉంచుకోరా" అని అమ్మ వాని నోరు మూయించెను. జగన్నాథునకు నివేదించిన అన్నమును విమలాదేవికి కూడ నివేదించిన పిదపగాని అది మహాప్రసాదము కాదు.

మధ్యాహ్నధూపము ముగియుసరికి ప్రొద్దు చాల వాలినది. ఒక్క అరటిపండుతో ఉన్న అమ్మ ముఖము వాడినది. ప్రాకారములోనే ఈశాన్యముగా నున్న ఆనందబజారునకు పోయితిమి. కావళ్లలో కుండలు వచ్చుచున్నవి. అన్నము, దాల్మ, ఆవపెట్టిన బేసర, కనిక అను తీపి నేతి అన్నము, ఆకుకూర, పులుసు. కొనువారు మెతుకు నోట వేసికొని రుచి చూచి బేరమాడుచుండిరి. ఎంగిలి యను మాటకు అచ్చట అర్థము లేదు. ఎవని కులమేదో ఎవరును అడుగరు. గుడి వెలుపలి వీధిలో కూడ అడుగకున్న బాగుండును గదా అని నాకు తోచినది.

నేను విడివిడిగా ఆకులు వేయుమని అడిగితిని. అమ్మకు వేరుగా వేయించి కొంచెము దూరముగా కూర్చుండబెట్టవలెనని నా యూహ. అమ్మువాడు నవ్వి, తెలుగులోనే, "ఇక్కడ వేరు ఎందుకు బాబూ?" అని పెద్ద అరటియాకు పరచి, అన్నమంతయు నడుమ కుమ్మరించి, దానిచుట్టు కూరలు పెట్టిపోయెను. అయిదుగురము, ఒక్క ఆకు. కోడలు అమ్మ వంక చూచి, లేచి వెనుకకు జరుగబోయినది.

"ఎక్కడికే? కూర్చో, అన్నం చల్లారిపోతుంది" అన్నది అమ్మ.

అమ్మ వ్రేళ్లు కీళ్లవాతముచే సరిగా వంగవు. వేడి అన్నమును కలుపుకొనలేక చేయి వెనుకకు తీసికొన్నది. ఆ పిల్ల ఒక్క క్షణ మాగి, దాల్మతో అన్నము కలిపి, ముద్ద చేసి, "మామ్మగారూ, చేయి పట్టండి" అన్నది. అమ్మ ఆ ముద్దను చూచినది. ఆ చేతిని చూచినది. చేయి పట్టినది. తిన్నది. కొంతసేపటికి, "ఇంకొకటి పెట్టు" అన్నది.

మాలో ఎవరమును మాటాడలేదు. ఆ దాల్మ రుచి నా నాలుక నింకను వీడలేదు. కందిపప్పులో కంద, అరటికాయ, గుమ్మడికాయ, కొబ్బరికోరు. మట్టికుండ వాసన, పొగ వాసన. మన కలగూరపప్పునకు చుట్టమే గాని, అందు చింతపండు లేదు.

బయట కాజాలు కొంటిమి. కాకినాడ గొట్టము కాజాకును, తాపేశ్వరము మడత కాజాకును ఇది జ్ఞాతి. పొరలు పొరలుగా విరుగును, పాకము తక్కువ. మా తూకము నాది కాకినాడ వైపే. సముద్రతీరమున వలలు బాగుచేయుచున్న జాలరులు తెలుగు మాటాడుచుండిరి. ఒడియాలు వారిని నోలియాలందురు. పెంటకట అను పెద్ద పల్లె వారిది. "ఏ ఊరమ్మా మీది?" అని ఒక ముదుసలి అడిగినది. ఇద్దరును ఇసుకలో కూర్చుండి మనుమలను గూర్చి మాటాడుకొనిరి. మేము లేపినగాని అమ్మ లేవలేదు.

తిరుగుబండిలో అమ్మ నిదురించుచుండగా నా భార్య మెల్లగా అన్నది: "నా చేతి అన్నానికి ముప్పై ఏళ్లు తడిబట్ట కావలసి వచ్చింది." నేను చెప్పదగిన సమాధానమేదియు లేకపోయినది. ఆమె కిటికీవైపు తిరిగి కూర్చున్నది. చిల్క మీద చీకటి పడినది.

మరునాడు తెల్లవారకముందే అమ్మ మడి కట్టుకొని తన గిన్నె ఎక్కించినది. పూరీనుండి తెచ్చిన నిర్మాల్యపు ఎండుమెతుకుల మూటను తన బియ్యపుడబ్బాలో ఉంచినది. సంక్రాంతికి కోడలు వచ్చినప్పుడు గడప కీవలనే నిలిచినది. అమ్మ లోపలినుండి, "దాల్మలో ముందు ఏది వేస్తారే? నువ్వు చెప్పు, నేను వండుతాను" అని పిలిచినది. పిల్ల గడపమీద కూర్చుండి చెప్పినది. అమ్మ వండినది. వండి, ముందుగా ఆ పిల్లకే ఒక గిన్నెలో పోసి యిచ్చినది. ఆమె రుచి చూచి, కొంచెము జంకి, "ఉప్పు తక్కువైంది మామ్మగారూ" అన్నది.

"అయితే ఎంత వేయాలో వచ్చి చూపించు" అన్నది అమ్మ.